బావ రథానికి నేనే శల్యుణ్ణి

మీరు నవ్వుకోవడానికే రాస్తున్నాను గానీ, ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ వీపు తడుముకుంటాను. మా ఇంటి అల్లుడి పరువు నిండు సభలో నా నోటితో నేనే తీశాను.

గిద్దలూరు దగ్గర మా ఊళ్లో ఆ ఏడు భారతం నాటకం పగటిపూటే వేశాం. కర్ణుడు మా అక్క మొగుడు. పన్నెండేళ్లు ద్వారపాలకుడిగా నిలబడ్డాక దక్కిన వేషం. ఆయన్ని చూడ్డానికి కొనకనమిట్ల నుంచి వాళ్లమ్మ ఆటో మాట్లాడుకుని మరీ వచ్చింది. అర్జునుడు నా భార్య తమ్ముడు. నేను శల్యుణ్ణి. పాండవులకు మేనమామనై ఉండీ, దుర్యోధనుడి విందు తిని అటు చిక్కుకుపోయిన రాజునన్నమాట. కర్ణుడి రథం తోలుతూ ఆయన ధైర్యం చెడగొట్టడమే నా పని.

ముందురోజు బామ్మర్ది వచ్చి, "బావా, చప్పట్లన్నీ కర్ణుడికే పడేటట్లుండాయి. నువ్వు రెండు తిట్లు ఎక్కువ తిట్టు" అన్నాడు. "అట్లనేలే" అన్నాను. ఆ మధ్యాహ్నమే అక్క ఇంట్లో ఓళిగలు తిని, "బావా, నేనుండా గదా, నీకేం భయం" అని కూడా చెప్పాను. అసలు శల్యుడైనా ఇంత సులువుగా రెండు వైపులా మాటిచ్చి ఉండడు.

రథం ఎక్కాం. రాసిచ్చిన తిట్లు అయిపోయాయి. జనం నవ్వుతున్నారు. బామ్మర్ది తెర పక్కనుంచి "ఇంకా, ఇంకా" అని చెయ్యి ఊపుతున్నాడు. నాకు పూనకం వచ్చింది.

"కర్ణా! నీకు అర్జునుడితో యుద్ధమా? మొన్న కురిచేడు స్టేషన్లో కోతి మీదికొస్తే మా అక్కను ముందుకు నెట్టి ఆమె వెనక దాక్కున్నోడివి గదా!"

ఒకటే ఈలలు. ముందు వరుసలోంచి వాళ్లమ్మ "ఏందిరా, నిజమేనా?" అని కేకేసింది. బావ నా వైపు చూసిన చూపుకు సిగ్గుతో చచ్చిపోయాను. విల్లు నా ఒళ్లో పడేసి, కిరీటంతో సహా ఇంటిదారి పట్టాడు.

అంతలో అర్జునుడు గర్జిస్తూ వచ్చినవాడల్లా, చంపడానికి మనిషి లేక, "కర్ణుడేడి బావా?" అన్నాడు. అదీ మైకులో!

నాటకం నేర్పిన హార్మోనియం మాస్టారు పళ్లు కొరుకుతూ, "కర్ణుడు పోయినాక సేనాపతి శల్యుడే గదరా! అక్కడే నిలబడి చావు. ధర్మరాజును పంపిస్తుండా" అన్నాడు.

భారతంలో శల్యుణ్ణి చంపేది ధర్మరాజే. మా నాటకంలో ఆ వేషం మా నాయనది.

ఆయన వస్తూనే అట్ట బల్లెం అవతల పారేసి చేత్తోనే మొదలుపెట్టాడు. "అల్లుణ్ణి అంత మాటంటావా?"

"ధర్మరాజా, శాంతం!" అన్నాను.

జనంలోంచి అక్క లేచింది. "ఇంకోటెయ్యి నాయనా! ఎవురికీ చెప్పనని ఒట్టేయించుకుని చెప్పినా వీడికి!"

నాయన కూతురి మాట కాదనలేదు. నేలకొరిగాక కూడా దెబ్బలు తిన్న శల్యుణ్ణి భూప్రపంచంలో నేనొక్కణ్ణే.

కనుక పంచభూతాల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకమీదట ఎవరు ఎంత బతిమాలినా, రాసిచ్చినదానికి ఒక్క మాట కూడా కలపను. నిలబెట్టుకోవడం కష్టమేమీ కాలేదు లెండి. ఆ తర్వాత నాకు వేషం ఇచ్చినవాళ్లు లేరు.