ఇంజను మీద చాయ్ సాసరు

ఈమధ్య చేవెళ్ల బంకులో పెట్రోలు పోయిస్తుంటే, దవాఖానలో సూది వేసే ముందు రాసే స్పిరిటు లాంటి వాసన సన్నగా తగులుతోంది. పెట్రోల్లో కలిపే ఇథనాల్ శాతం పెరిగింది కదా. ఆ వాసన తగిలిందంటే నాకు మొయినాబాద్‌లో నర్సింగన్న షెడ్డు గుర్తొస్తుంది.

నర్సింగన్న మెకానిక్. నోరు పెద్దది, చెయ్యి నెమ్మది. ట్యూనింగు అయ్యాక ఎయిర్ ఫిల్టరు మూత మీద సాసరు నిండా చాయ్ పోసి పెట్టి ఇంజను నడిపేవాడు. తొణికిందా, పని కానట్టే. తొణకకపోతే తానే తాగేసేవాడు.

ఐటీ కంపెనీలు పుట్టగొడుగుల్లా లేస్తున్న రోజులవి. నా పాత కార్బ్యురేటర్ కారులో ఉద్యోగులను దింపేవాణ్ణి. ఇల్లు దాని మీదే నడిచేది. పెట్రోల్లో ఇథనాల్ కలపడం మొదలైన కొత్తల్లో బండి పొద్దున్నే దగ్గేది, ఎత్తు ఎక్కలేక గుంజేది. ఇంకోసారి ఆలస్యమైతే వేరే బండి పెట్టుకుంటామని కంపెనీ మేనేజరు చెప్పేశాడు. బంకువాడు కల్తీ చేస్తున్నాడని నేను కొట్లాటకు బయలుదేరాను.

దారిలో నర్సింగన్న ఆపాడు. సీసాలో పెట్రోలు, కాసిని నీళ్లు పోసి గట్టిగా ఊపి నిలబెట్టాడు. అడుగున నీళ్లు పోసినదానికంటే పెరిగి కనిపించాయి. ఇథనాల్ నీళ్లలోకి దిగిందని, ఇది కల్తీ కాదని, సర్కారే కలపమన్నదని చెప్పాడు.

“పెట్రోల్ మారింది తమ్మీ. బండి ఇంకా పాత లెక్క మీదనే ఉన్నది. గాలి ఎక్కువ, తిండి తక్కువ అయితున్నది.”

కార్బ్యురేటర్‌లో పెట్రోలు వదిలే జెట్టు కొంచెం పెద్దది వేసి, గాలీ పెట్రోలూ కలిసే పాళ్లు సరిచేసే స్క్రూ తిప్పి, సాసరు పెట్టాడు. చాయ్ కదల్లేదు. నా ప్రాణం లేచొచ్చింది. అంతలో ఆ మహానుభావుడు స్క్రూను ఇష్టమొచ్చినట్టు తిప్పి చెడగొట్టి, స్క్రూడ్రైవరు నా చేతిలో పెట్టాడు. పొద్దున్నే డ్యూటీ ఉందని, పరాచికాలకు ఇది సమయం కాదని మండిపడ్డాను.

“నేను చేసిస్తే గీ ఒక్కసారికే. పెట్రోల్ మళ్ల మారుతది. అప్పుడు నేనుంటనో లేనో,” అన్నాడు.

తిట్టుకుంటూనే తిప్పాను. చాయ్ ఒలుకుతూనే ఉంది, ఆయన మళ్లీ పోస్తూనే ఉన్నాడు. పొద్దు వాలేసరికి ఇంజను చప్పుడు చెవికి పట్టుబడింది. చాయ్ నిలిచింది. ఆ సాసరు ఆయన తాగలేదు. నాకు అందించాడు. ఇంజను వేడికి వెచ్చగానే ఉంది.

డ్యూటీ నిలబడింది. ఆ రోజు పట్టుబడిన చప్పుడే తర్వాత నాకు బతుకుదెరువై, చేవెళ్లలో సొంత షెడ్డు పెట్టించింది. నర్సింగన్న ఇప్పుడు లేడు. ఆయనకు నేను ఎంత రుణపడి ఉన్నానో బతికుండగా చెప్పలేదు. పెట్రోలు మాత్రం ఆయన అన్నట్టే మళ్లీ మారింది.

నిన్న ఒకాయన పాత కారు తెచ్చి, బంకువాణ్ణి తిట్టడం మొదలుపెట్టాడు. కార్బ్యురేటర్ సరిచేసి సాసరు పెట్టాను. చాయ్ కదల్లేదు. ఆయన మొహం వికసించింది. స్క్రూ చెడగొట్టి, స్క్రూడ్రైవరు ఆయన చేతికిచ్చాను. ఆయనకు కోపం వచ్చింది. నేను ఇంకో చాయ్ తెప్పించాను.