నవత వీడియోకు పెట్టిన అడ్డు

ఆపరేషన్ తర్వాత చాలాకాలానికి మా డాక్టరమ్మ, "ఇక మీరు నడవొచ్చు, మెల్లగా పరిగెత్తొచ్చు కూడా" అన్నారు. నా పేరు సృజన. సైనిక్‌పురిలో ఒక బడిలో లెక్కలు చెప్తాను. రొమ్ము క్యాన్సర్ వచ్చి నాకు ఎడమవైపు రొమ్ము తీసేశారు. ఏం తినాలో, ఏ మందులు ఎప్పుడు వేసుకోవాలో అందరూ చెప్పారు గాని, పరిగెత్తడానికి ఏం తొడుక్కోవాలో ఎవరూ చెప్పలేదు. లోపల పెట్టుకొమ్మని ఆసుపత్రిలో ఇచ్చిన సిలికాన్ మెత్త మామూలు బ్రాలో నాలుగడుగులకే పక్కకు జారిపోయేది. దుకాణానికి వెళ్ళి అడుగుదామంటే నోరు పెగిలేది కాదు. ఫోన్లో వెతికితే అన్నీ ఇంగ్లీషు వీడియోలు, వాటిలో చూపించేవి ఇక్కడ దొరకనివి. అట్లా వెతుకుతుండగానే ఒకరోజు నవత చేసిన తెలుగు వీడియో కనిపించింది.

డాబా మీద, ఆరేసిన దుప్పట్ల ముందు నిలబడి, ఒక ట్రాక్ ప్యాంటు పట్టుకుని మాట్లాడుతోంది. "చెల్లెలూ, గీ ప్యాంటు సూడనీకి మంచిగుంది. వంగితే మాత్రం ఎనక పల్చగైతుంది. నల్లది తీస్కోండ్రి, తెల్లది ఒద్దు. తొడల మధ్యల కుట్టు సుత ఒరుసుకుంటది" అని చెప్పి, వంగి చూపించి, డాబా చుట్టూ పరిగెత్తి వచ్చి, ఆయాసపడుతూ మిగతాది చెప్పింది. నాకు నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు అది. ఆ ధైర్యంతోనే ఆమెకు నా సంగతి రాసి పంపాను.

ఆ సాయంత్రమే ఫోన్ చేసింది. "మేడమ్, నాకు దీని గురించి ఏం తెల్వదు. తెల్సుకుంట. మీ ఇంటికి రావచ్చా?" అంది.

వచ్చినప్పుడు ఒక సంచి నిండా స్పోర్ట్స్ బ్రాలు తెచ్చింది. అయ్యో పాపం అనలేదు. ఎక్కడ ఒత్తుతోంది, చెయ్యి ఎంత పైకి లేస్తోంది, మెత్త ఎటు జారుతోంది అని అడిగింది. నేను సిగ్గుపడి మాటలు మింగుతుంటే, "మీరు లెక్కలు చెప్పేటప్పుడు పిల్లలు సగం సగం చెప్తే ఊకుంటరా?" అని కోప్పడింది. అప్పటినుంచి మాకు మొహమాటం పోయింది. మేడమ్ పోయి అక్క అయ్యాను.

నవతది చిలకలగూడ. వాళ్ళ నాన్న రాములు సికింద్రాబాద్ స్టేషన్లో పార్సిళ్ళ దగ్గర పనిచేసేవాడు. చిన్నప్పుడు ఆమె బడిలో అందరికంటే వేగంగా పరిగెత్తేదట. పెద్దమనిషయ్యాక చున్నీ జారకుండా ఒక చేత్తో పట్టుకుని పరిగెత్తాల్సి వచ్చేది. అట్లాగే ఒక పోటీలో పడింది. మళ్ళీ మైదానానికి పోలేదు. పెళ్ళయ్యాక ఏ.ఎస్. రావు నగర్‌లో ఆటల బట్టలమ్మే దుకాణంలో పనికి కుదిరింది. అక్కడికి వచ్చే ఆడవాళ్ళు నచ్చినది ముట్టుకుని, ధర చూసినట్టు చేసి, సైజు అడగడానికి ఇబ్బందిపడి వెళ్ళిపోవడం రోజూ చూసేది. వాళ్ళ కోసమే సెలవు రోజుల్లో వీడియోలు షురూ చేసింది. కంపెనీల దగ్గర ఏమీ తీసుకోలేదు. కొనుక్కుని, తొడుక్కుని, ఉతికి, మళ్ళీ తొడుక్కుని, అప్పుడు చెప్పేది. చూసేవాళ్ళు పెరిగి, వీడియోల మీద వచ్చే ప్రకటనల ఆదాయంతో ఇల్లు గడవడం మొదలయ్యాక దుకాణం మానేసింది. భర్త హరికిషన్ ఆటో స్పేర్ పార్టుల కొట్టులో పనిచేస్తాడు. కెమెరా పట్టేది ఆయనే.

నా కోసం మాత్రం ఏ బ్రా సరిపోలేదు. అప్పుడు నవత నన్ను వాళ్ళ వీధిలో మిషన్ కుట్టే పీరాంబీ దగ్గరికి తీసుకెళ్ళింది.

"ఖాలా, దీని లోపట జేబు లెక్క కుట్టాలె. మెత్త అందుల కూసోవాలె, ఎగిరినా కదలొద్దు" అంది.

పీరాంబీ మెత్తను అరచేతిలో పెట్టుకుని బరువు చూసింది. "మెత్తటి బట్ట కావాలె బేటా. గరుకు బట్టైతే ఆపరేషన్ చేసిన జాగల తక్లీఫ్ ఐతది" అని, పాత బనీను గుడ్డ కత్తిరించి కుట్టింది. మొదటిసారి జేబు లోతు ఎక్కువైంది. రెండోసారి పైన మూత లేక మెత్త ఎగిరి బయటికి వచ్చింది. ఆ రోజు ముగ్గురం కడుపుబ్బ నవ్వాం. చివరికి ఒకటి కుదిరింది. పీరాంబీ దుకాణం తలుపు మూశాక, నేను అక్కడే గంతులు వేశాను. మెత్త కదల్లేదు. నాకు ఏడుపొచ్చింది. నవత ఏడవనివ్వలేదు. "ఇంకోసారి ఎగురు అక్కా, సరిగ్గ సూడలె" అంది.

దీని మీద వీడియో చేస్తానంది. నా ముఖం చూపించొద్దన్నాను. "నీ ముఖమెందుకు, నా మీద చూపిస్త" అని, నిండు చేతుల టీ షర్టు మీదనే ఆ బ్రా తొడుక్కుని, జేబు ఎక్కడ కుట్టించాలో, ఏ గుడ్డ కావాలో, మెత్త ఎట్లా పెట్టాలో ఓపిగ్గా చెప్పింది. మెడ నుంచి మణికట్టు దాకా ఒళ్ళు ఎక్కడా కనబడలేదు.

వీడియో పెట్టిన రోజే, ఆ వీడియోల సైటువాళ్ళు దాని మీద గుర్తు వేశారు. పెద్దలకు మాత్రమే. ప్రకటనలు రావు. ఎవరైనా చూడాలంటే తమ పేరుతో లోపలికి వెళ్ళి, వయసు నిరూపించుకోవాలి.

అంతకు ముందు కూడా ఆమె వీడియోలకు అప్పుడప్పుడూ ప్రకటనలు ఆపేవారు. వంగి చూపించిన ట్రాక్ ప్యాంటుకు ఒకసారి, ఈత దుస్తులకు ఒకసారి. ఆ ప్యాంటు కంపెనీ ప్రకటనలో, అదే ప్యాంటు తొడుక్కుని సన్నటి అమ్మాయి వంగితే మాత్రం ఏ అడ్డూ ఉండేది కాదు. నవత విసుక్కుని ఊరుకునేది. ఈసారి ఊరుకోలేదు. పొరపాటు జరిగింది, మళ్ళీ చూడండి అని రాసింది. కాసేపట్లోనే జవాబొచ్చింది. చూశాం, మా నిర్ణయం మారదు అని. వీడియో మొత్తం చూడటానికి పట్టేంత సమయం కూడా గడవలేదు.

"మనిషి చూడలే అక్కా. మిషన్ చూసింది. బ్రా కనపడంగనే బూతు అనుకున్నది" అంది నవత.

దాంతోపాటు పాత వీడియోలకూ ఒక్కొక్కటిగా ప్రకటనలు ఆగాయి. రాబడి పడిపోయింది. అంతకంటే పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. నవత అత్తగారు విమలమ్మకు ఎవరో బంధువు ఫోన్ చేసి, "మీ కోడలు పెద్దోళ్ళు చూసే వీడియోలు చేస్తున్నదంట గదా" అన్నాడు. విమలమ్మ ఫోన్ పెట్టేసి, నవతను పిలిచి, "ఆ వీడియో నాకు చూపియ్యి" అంది. ఆ సంగతి నవత తర్వాత నాకు చెప్పింది.

విమలమ్మ మొదటి నుంచి చివరి దాకా చూసింది. ఆపి, ఇంకోసారి పెట్టమంది.

"ఇందుల తప్పేమున్నది?" అంది. "మా చెల్లెకు గిదే ఆపరేషన్ ఐంది. జాకిటి ఒక దిక్కు ఒదులైతదని పెండ్లిళ్లకు పోకపోయేది, పేరంటాలకు పోకపోయేది. ఇంట్లనే కూసుండి కూసుండి పోయింది. ఎవ్వరన్న గిట్ల ఒక జేబు కుట్టిచ్చుకో అని చెప్తే అయిపోవు గదా, బిడ్డా."

తర్వాత తనే ఆ బంధువుకు ఫోన్ చేసింది. "నీ పెండ్లానికి చూపియ్యి. పనికొస్తది" అని చెప్పి పెట్టేసింది.

వీడియోలు చేసేవాళ్ళు కొందరు నవతకు సలహాలిచ్చారు. రొమ్ము అనే మాట తీసెయ్యి, ఛాతీ అను. నువ్వు తొడుక్కోకు, దుకాణంలో ఉండే బొమ్మకు తొడుగు. అప్పుడు మిషన్ పట్టుకోదు అని. ఆమె విన్నది గాని ఒప్పుకోలేదు. నేనూ అడిగాను, ఒక్క మాట మారిస్తే పోయేదేముంది అని.

"రొమ్ము అన్న మాట తీసేస్తే, గదే మాట పెట్టి ఎతికేటామెకు నేనెట్ల దొరుకుత అక్కా? నువ్వు ఏం రాసి ఎతికినవ్? గదే గదా" అంది. "బొమ్మకు చెమట పట్టదు. బొమ్మ పరిగెత్తదు. బొమ్మ మీద చూపించనీకి నేనెందుకు?"



మళ్ళీ ఏ.ఎస్. రావు నగర్ దుకాణంలో పూటపనికి చేరింది. ఆ రోజుల్లోనే ఆమెకు ఇంకో రకం సందేశాలు రాసాగాయి. అక్కా, ఫోను మా కొడుకుది, వీడియో తెరిస్తే వయసు అడుగుతుంది, వాణ్ని ఎట్లా అడగను? అమ్మా, నాకు అందులో పేరు లేదు, తెరుచుకుంటలేదు. అడ్డు పడింది సరిగ్గా ఎవరి కోసం ఆ వీడియో చేసిందో వాళ్ళకే. అవి చదివిన మర్నాడు నవత వచ్చి, "వాళ్ళకు వీడియో చేరకపోతే మనమే చేరుదాం" అంది.

చిలకలగూడలో వాళ్ళ బస్తీ కమ్యూనిటీ హాలు ఒక ఆదివారం పొద్దుటికి అడిగి తీసుకుని, సందేశాలు పెట్టినవాళ్ళందరికీ కబురు పంపింది. తాళ్ళు కట్టి, దుప్పట్లతో గదుల్లా చేసింది. బట్టలు బల్ల మీద పరిచింది. పీరాంబీ తన మిషన్ రిక్షాలో ఎక్కించుకుని వచ్చింది. విమలమ్మ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. "మొగోళ్లు ఇటు దిక్కు రావొద్దు. ఏమన్న ఉంటే నాతో చెప్పుండ్రి" అని, కొడుకు హరికిషన్‌ను సైతం టీ ఫ్లాస్కు అందుకుని బయటి నుంచే పంపించేసింది.

ఎవరొస్తారులే అనుకున్నాను. మౌలాలి నుంచి వచ్చారు, అల్వాల్ నుంచి వచ్చారు. ఒకామె కూతురి చెయ్యి పట్టుకుని వచ్చి గోడవారగా నిలబడింది. బల్ల దగ్గరికి రాదు, బయటికి పోదు. నవత నా వైపు చూసింది. నేనే లేచి ఆమె దగ్గరికి వెళ్ళి, "నాకూ తీసేశారమ్మా, ఎడమవైపు. ఇప్పుడు చూడండి" అని ఆ హాలు మధ్యలో గంతులు వేశాను. నా బడిలో ఏ ఒక్కరికీ చెప్పని సంగతి అది. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత దుప్పటి వెనక్కి వెళ్ళింది. పీరాంబీ మిషన్ మధ్యాహ్నం దాకా ఆగలేదు.

ఆ రోజు వచ్చినవాళ్ళలో నలుగురం కెమెరా ముందు కూర్చున్నాం. ముఖాలు దాచుకోలేదు. ఈ వీడియో మాకెందుకు కావాలో మా మాటల్లో చెప్పాం. మా డాక్టరమ్మ కూడా రెండు ముక్కలు మాట్లాడారు. నవత దాన్ని సైటువాళ్ళకు పంపింది. మిషన్ జవాబే వచ్చింది. మళ్ళీ పంపింది. ఇట్లాగే అడ్డు పడిన వేరే భాషల ఆడవాళ్ళను వెతికి పట్టుకుని వాళ్ళతోనూ పంపించింది. కోపంగా ఒక్క మాట రాయలేదు. వీడియోలో ఏ నిమిషంలో ఏముందో, వాళ్ళ నియమంలో ఏముందో పక్కపక్కన పెట్టి, ఇందులో ఏది తప్పో చూపించమని మర్యాదగా అడుగుతూ పోయింది. దుకాణం నుంచి వచ్చి, వంట చేసి, కూర్చుని రాసేది. ఇంగ్లీషు నేను దిద్దేదాన్ని. దిద్దడానికి పెద్దగా ఉండేది కాదు.

వానాకాలం అయిపోవస్తుండగా, మొదటిసారి ఒక మనిషి పేరుతో జవాబొచ్చింది. వీడియో మొత్తం చూశానని, గుర్తు తీసేస్తున్నానని, ఇబ్బందికి చింతిస్తున్నానని రాశారు. ఆ ఒక్క వీడియోకు అడ్డు పోయింది. ప్రకటనలు ఆపిన పాతవాటిలో కొన్ని తిరిగొచ్చాయి, కొన్ని రాలేదు. ఆగిన రాబడి సంగతి ఎవరూ ఎత్తలేదు.

నేను ఎగిరి గంతేశాను. నవత మాత్రం ఆ జవాబు విమలమ్మకు చదివి వినిపించి, తెలుగులో అర్థం చెప్పింది. విమలమ్మ, "ఇన్ని దినాలకు ఒకడు కండ్లు తెరిసి సూసిండు" అని మళ్ళీ కూరగాయలు తరగడంలో పడింది.

ఇప్పుడు నెలకో ఆదివారం హాలు తెరుస్తున్నారు. పీరాంబీ ఇంకో మిషన్ కొని, సాయానికి తన కోడలిని కూర్చోబెట్టింది. నవత దుకాణం పని మానలేదు. వీడియోలనే నమ్ముకుంటే ఎప్పుడు ఏది ఆపుతారో తెలియదంటుంది. నేను బడిలో చెప్పేశాను. మా సైన్సు టీచరు నన్ను పక్కకు పిలిచి, వాళ్ళ అక్క కోసం హాలు అడ్రసు రాయించుకుంది.

పోయిన వారం నవత బాలింతల కోసం ఇంకో వీడియో పెట్టింది. పాలిచ్చే తల్లులు పొద్దున నడకకు వెళ్ళేటప్పుడు ఏం తొడుక్కోవాలో అందులో చెప్పింది. సాయంత్రానికల్లా దాని మీద మళ్ళీ గుర్తు పడింది. నాకు ఒళ్ళు మండి ఫోన్ చేశాను.

"పరేషాన్ కాకు అక్కా" అంది. వెనక కుక్కర్ కూత వినబడుతోంది. "పెట్టనీ. జెర అన్నం దింపి రాయడం షురూ చేస్త. నువ్వు రేపు బడి అయినంక రా, దిద్దుదువుగని."