బడి మిద్దె మీది నుంచి ఏరు

ఆ రోజుల్లో మా పక్క ఏరంటే ఇసక. నీళ్లుంటాయని ఎవరూ అనుకునేవాళ్లు కాదు. పుత్తూరు నుంచి సత్యవేడు పోయే దారిలో ఒక ఊరి సచివాలయంలో నాకు మొదటి ఉద్యోగం వచ్చింది. ఏటి నీటిమట్టం గురించి పైనుంచి వచ్చే హెచ్చరికలను ఊరికి చేరవేయడం కూడా నా పనేనని మా సారు చెప్తే నాకు నవ్వొచ్చింది. (కొత్త ఉద్యోగం గదా, నవ్వు బయటికి రానీకుండా తలూపినాను.) ఆ ఏట్లో పిల్లోళ్లు క్రికెట్ ఆడతారు, మేకలు మేస్తాయి, పెళ్లిళ్లయితే షామియానా ఏసి ఆ ఇసకలోనే విస్తర్లు పరుస్తారు. నీళ్లే లేని ఏటికి మట్టమేంది? అయినా పని పనే గదా అని, అద్దం ముందర నిలబడి "లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండవలెను" అని గొంతు సవరించుకోని మరీ సాధన చేసినదాన్ని నేను.

ఆ ఏడు కార్తీక మాసంలో తుఫాను పట్టుకునింది. వాన విడవకుండా కురస్తా ఉంటే ఒక పొద్దున సారు ఫోన్ చేసినాడు. పైన రిజర్వాయరు గేట్లు ఎత్తుతా ఉన్నారంట, మధ్యాహ్నానికి నీళ్లు మా ఊరికి చేరతాయంట. ఏటిగట్టు వీధిని ఖాళీ చేయించి అందరినీ హైస్కూలుకు తరలించాల, ఒక్క మనిషి కూడా మిగలకూడదు అన్నాడు. ఆ వీధి పల్లంలో ఉండాది, సగం మట్టిగోడల ఇండ్లు. ఎవరికన్నా ఏమన్నా అయితే ఏం గతి అని నాకు భయం పట్టుకునింది. ఆటో అన్నను పిలిచి, బండికి మైకు కట్టించి, "ఏటికి భారీగా వరద నీరు రానున్నది" అని మొదలుపెట్టినాను. అంతే, వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి, జనమంతా బయటికొచ్చినారు. (ఎంత బాగా మాట్లాడినాను అని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.) కానీ వాళ్లు పోయింది హైస్కూలు దిక్కు కాదు, ఏటి దిక్కు.

తప్పు వాళ్లది కాదు. ఆ ఊర్లో ఏట్లో నీళ్లు పారి ఎన్నేండ్లయిందో పెద్దోళ్లకే గుర్తు లేదు. కొత్త నీళ్లొస్తే ఎదురు పోవాల, పసుపు కుంకుమ చల్లి, కర్పూరం వెలిగించి, రవికె గుడ్డ వదలాల. నేను హెచ్చరిక చెప్పినాననుకుంటే వాళ్లకది పిలుపయింది. ఆడవాళ్లు తలకు పోసుకోని, పెట్టెల్లో దాచిన చీరలు కట్టుకోని, హారతి పళ్లేలు పట్టుకోని గట్టెక్కినారు. పక్క ఊర్ల జనం కూడా ట్రాక్టర్లలో దిగినారు. బజ్జీల ఆయన గట్టు మీదికి బండి తోలుకొచ్చి, గొడుగు పాతి నూనె కాగబెట్టినాడు. పోండప్పా, పోండమ్మా అని నేను గొంతు చించుకుంటా ఉంటే ఒక్కరూ కదల్లేదు. పైగా చెప్పిన టైముకు నీళ్లు రాకపోయేసరికి, బస్సు లేటయితే కండక్టర్ని అడిగినట్లు నన్ను నిలదీసినారు. దీనికి తోడు పుత్తూరు నుంచి మా అమ్మ ఫోను. ఊరంతా చాటి తనకు మాత్రం ఒక మాట చెప్పలేదని దెప్పి, చిన్నమ్మను కూడా ఎంటబెట్టుకోని బస్సెక్కేసినానని చెప్పింది.

ఇంక వీధిలో మిగిలింది కట్టవ్వ ఒక్కతే. జారిపడి కాలు విరిగితే పుత్తూరు కట్టు కట్టించుకోని వచ్చింది, అందుకని ఆ పేరు. వీధి చివర మట్టింట్లో, గోడవారగా మంచం మీద పడుకోని ఉండాది. బడికి పోదాం రా అవ్వా అంటే మొహం తిప్పుకునింది. "బడికొచ్చి ఈ వయసులో నేనేం సదవాల? ఏరు సూపిస్తానంటే సెప్పు, వస్తా" అనింది. నాకు కోపమొచ్చింది, ఆనక ఏడుపొచ్చింది. ఈమెకేమన్నా అయితే నేను బతికినన్నాళ్లూ అన్నం తినలేను అనిపించింది. సరిగ్గా అప్పుడే మళ్లీ అమ్మ ఫోను. గట్టు మీద జనం తలకాయలు తప్ప ఏమీ కనపడక, ఆమే చిన్నమ్మా పోయి హైస్కూలు మిద్దెక్కినారంట.

"ఏమే, ఈడ నుంచి ఏరు మలుపు దాకా కనపడతా ఉండాది. నువ్వు ఆ బురదలో ఏం చేస్తా ఉండావు?" అనింది.

తిట్టబోయి ఆగిపోయినాను. పరుగెత్తి ముందు బజ్జీల ఆయన కాళ్లావేళ్లా పడి బండి కదిలించినాను. ఆనక మైకు పట్టుకోని, సాధన చేసిన మాటలన్నీ పక్కన పెట్టి, ఏరు బడి మిద్దె మీది నుంచే బాగా కనపడతాదనీ, ముందు పోయినోళ్లకే పిట్టగోడ దగ్గిర చోటనీ, బజ్జీలు కూడా ఆడికే పోతా ఉండాయనీ చెప్పినాను. గట్టు ఖాళీ అయింది. కట్టవ్వను కుర్చీలో కూర్చోబెట్టి, ఆటో అన్నా బజ్జీల ఆయనా మోసి మిద్దెక్కించినారు. పెండ్లికూతురి మాదిరి నవ్వుకుంటా ఎక్కింది.

నీళ్లొచ్చినాయి. మొదట ఇసక మీద ఎర్రగా ఒక చాలు, చూస్తా ఉండగానే గట్టు నుంచి గట్టుకు. మిద్దె మీద ఒకటే సంబరం, హారతులు వెలిగినాయి. నేను కూడా ఉద్యోగం మర్చిపోయి చేతులెత్తి మొక్కినాను. ఆనక ఆ నీళ్లు వీధి ఎనక ఏట్లో కలిసే చిన్న వంకలోకి ఎగదన్ని, ఆడ నుంచి ఇండ్లలోకి దూరినాయి. పళ్లేలు పట్టుకున్నోళ్లు అట్లనే నిలబడిపోయినారు. అది మా ఇల్లు, అది మీ ఇల్లు అని ఎవరో మెల్లిగా చెప్పుకున్నారు. చివరనున్న కట్టవ్వ గోడ, మంచం ఉన్న పక్కనే, చప్పుడు కూడా వినపడకుండా కూలిపోయింది. నేను అమ్మ భుజం పట్టుకున్నాను. సారు ఫోన్ చేసి ఎవరన్నా మిగిలినారా అని అడిగితే, లేదు సార్, అందరూ మిద్దె మీదనే ఉండారు అని చెప్పినాను. జనాన్ని ఇంత బాగా తరలించినందుకు నన్ను తెగ మెచ్చుకున్నాడు. (బజ్జీల సంగతి నేను చెప్పలేదు.)

నీళ్లు తీసినాక వీధికి పోయినాను. బురద తోడతా ఉండారు అందరూ. కూలిన గోడ ముందర కట్టవ్వ కుర్చీ ఏసుకోని, కట్టు కాలు చాపుకోని ఏటి దిక్కే చూస్తా ఉండాది. సాయం వస్తాదిలే, ఇల్లు కట్టిస్తారులే అని చెప్పాలని దారి పొడుగునా మాటలు కూర్చుకోని పోయినాను. ఆమె నన్ను నోరు తెరవనీలేదు.

"మళ్లీ ఎప్పుడొస్తాయి పాపా నీళ్లు?" అని అడిగింది.

అవ్వ అడిగింది కోపంతోనో భయంతోనో కాదు, ఆశతో. తెలీదవ్వా అన్నాను. ఇప్పుడు తిరుపతిలో ఆఫీసులో కూర్చోని ఇట్లాంటి హెచ్చరికలు నేనే కింది ఊర్లకు పంపుతా ఉండాను. అయినా ఏటికి నీళ్లొస్తాయని తెరమీద చదవగానే నాకు ముందొచ్చేది సంతోషమే, భయం దాని ఎనకాల నిదానంగా వస్తాది. నవ్వుకోని ఫోను తీసి, ఆ సంతోషం గొంతులో తెలియకుండా మాట్లాడతాను.