పేరడగని పూట

తొంభైల చివర్లో అమలాపురంలోని ఓ ఆసుపత్రిలో నర్సుగా కొత్తగా చేరాను. "ఈ అమ్మాయి కబుర్లతోనే పొద్దుపుచ్చుతుందండీ" అని తోటి నర్సులు అనుకోవడం చెవిన పడింది. మనసు కుతకుతలాడిపోయింది. మర్నాడు ఎవరినీ పలకరించకుండా మంచం నంబర్లు చూసి గబగబా ఇంజెక్షన్లు చేసుకుంటూ పోయాను.

ఒకావిడ చెయ్యి పట్టుకుని సూది గుచ్చబోతుంటే, "నాక్కాదేమోనండీ! ఫ్యాను గాలికని నేనూ పక్కమంచం ఆవిడా మంచాలు మార్చుకున్నాం" అంది.

సూది వెనక్కి తీసేశాను. సీనియర్ సిస్టర్ గారి దగ్గరకెళ్లి జరిగింది చెప్పి, "మీరంతా అన్నారనే మాట్లాడటం మానేశానండీ" అని ఏడ్చేశాను.

"కబుర్లు తగ్గించమన్నాం గానీ, పేరడగొద్దని ఎవరన్నారమ్మా?" అన్నారావిడ.

ఎవరైనా మాటంటే ఇప్పటికీ మనసు కుదురుగా ఉండదు. కానీ ఉడుక్కునే ముందు, "ఏది మార్చుకోమంటారండీ?" అని అడిగేస్తాను.