దోనెలో ముందు పలక

మా మావ పోయారు. మొన్న మంగళవారం తెల్లవారాక మా ఆయన రైల్వే ఆస్పత్రి నుంచి సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. ఎక్కి తొక్కే ఓపిక కూడా లేనట్టుంది. గుమ్మం ముందు స్టాండు వేసి, వాళ్లమ్మ వైపు చూసి, "నాన్న ఎల్పోనాడే అమ్మా" అన్నాడు. మా అత్త చేటలో బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టి, "టీ తాగినాడా?" అని అడిగింది. పొద్దున్నే టీ పడకపోతే ఆయనకు తలనొప్పి. నేను వంటింట్లోకి పోయి, ఎవరికీ అక్కర్లేని పొయ్యి ఊదుతూ కూర్చున్నాను.

చదివే మీకు ఆయన తెలియదు. ఊరు చెప్పుకునేంత గొప్ప మనిషేమీ కాదు. మీసాలు మొలవకముందే శ్రీకాకుళం వైపు నుంచి ఖరగ్‌పూర్ వచ్చి, జుట్టు నెరిసేదాకా వర్క్‌షాపులో రైలు పెట్టెలకు వడ్రంగం చేశారు. ఏ చెక్క కనబడినా వేలి కణుపుతో కొట్టి వినేవారు. నా పెళ్లిచూపులకు వచ్చినప్పుడు నన్ను సరిగా చూడనే లేదట. మా ఇంటి వీధి తలుపు కొట్టి విని, "మంచి టేకు" అన్నారట. సంబంధం ఖాయమైంది. మా పుట్టింటివాళ్లు ఇప్పటికీ నన్ను టేకు కోడలని ఏడిపిస్తారు. రిటైరయ్యాక కూడా వర్క్‌షాపు సైరన్ కూయగానే చొక్కా వేసుకుని పూరీ గేటనే రైలు గేటు దాకా నడిచి, డ్యూటీకి పోయేవాళ్లందరినీ ఒకసారి చూసి, తిరిగొచ్చి చొక్కా విప్పేసేవారు.

నాకు నోరెక్కువ. మార్కెట్లో కూరలమ్మే బెంగాలీ దాదాలు నన్ను చూస్తే తూకం సరిచేసుకుంటారు. అలాంటి నేను పెళ్లయిన చాలా ఏళ్లు మా మావతో ఒక్క మాట మాట్లాడలేదు. మా వైపు మర్యాద అలాంటిది. కోడలు మావ ఎదుట కూర్చోకూడదు. ఆయన గొంతు వినబడితే చాలు, చేతిలో అన్నం ముద్ద ఉన్నా లేచి నిలబడాలి. ఎదురుగా మొహం చూడకూడదు, వీపు చూపించకూడదు. అటు తిరిగినా తప్పే, ఇటు తిరిగినా తప్పే! ఇక రెండు గదుల క్వార్టరులో ఎటు తిరుగుతాం? ఆయనా నాతో నేరుగా మాట్లాడేవారు కారు. నేను అడుగు దూరంలో ఉన్నా, "కోడలికి సెప్పు, పులుసు బాగుందని" అని మా అత్తతో అనేవారు. అత్త ఇంట్లో లేకపోతే తలుపుతో చెప్పేవారు. "ఎవులైనా ఉంటే ఓ గలాసు మంచినీల్లు." తలుపు తరఫున నేనే తెచ్చి గడప మీద పెట్టేదాన్ని.

ఆ ఇంట్లోనే నా పెద్దకొడుకు పోయాడు. మూడేళ్లు నిండలేదు. జ్వరం వచ్చింది, దిగలేదు. అంతకు మించి రాయలేను, రాయను.

నాకు ఏడుపు రాలేదు. రాకేం, వచ్చింది. కానీ ఎక్కడ ఏడవను? గోడకు అవతల ఒక సంసారం, ఇవతల ఒక సంసారం. గొంతు కొంచెం లేస్తే చాలు, ఇరుగూ పొరుగూ గుమ్మంలో ఉంటారు. "ఏడవకే, మల్లీ కడుపు పండదు" అని ఒకామె. "సిన్నదానివి, ఇంకా కంటావులే" అని ఇంకొకామె. మంచి మనసుతోనే అన్నారు, కాదనను. కానీ అందరి ముందూ గుడ్డ నోట్లో కుక్కుకుని కుక్కుకుని, కడుపులో ఏదో రాయి పడ్డట్టయింది. తిండి మానేశాను. మాట మానేశాను. మార్కెట్లో తూకం తప్పినా ఊరుకున్నాను. "దీని నోరు పడిపోనాదిరా, ఇది కూడా మనకి దక్కదు" అని మా అత్త మా ఆయన దగ్గర ఏడవడం నేను విన్నాను. విని కూడా నాకేమీ అనిపించలేదు.

ఆ వానాకాలం మా మావ వరండాలో ఏదో కట్టడం మొదలుపెట్టారు. సన్నటి బద్దలు వంచి పక్కటెముకల్లా బిగించారు. దాని మీద మందపాటి కాన్వాసు గుడ్డ లాగి కట్టి, రంగు మీద రంగు పూశారు. పాత చెక్క రైలు పెట్టెల పైకప్పు అలాగే వేస్తారు. ఇంటినిండా రంగు వాసన. మా అత్తకు ఒళ్లు మండింది.

"ఏటది ముసలోడా, మతి పోనాదేటి? పాడె కడతన్నావేటి?"

"దోనె" అన్నారాయన.

"ఈ ఊర్లో నీల్లెక్కడున్నాయి? కుళాయి కింద తోల్తావా?"

"రైలు పెట్టె కప్పులోంచి సుక్క నీరు దిగకూడదు. దాన్ని తిరగేస్తే దోనె. పని మనకి తెలిసిందే." ఆ తర్వాత, నేను వింటున్నానని తెలిసే, తలుపుతో అన్నారు: "టాటా డ్యూటీకి ఎల్లినప్పుడు ఓ సోటు సూసినాను. కొండల కింద సెరువు. దాని నడిమికి ఎల్తే మనిసన్నోడు ఉండడు."

చలి మొదలయ్యాక ఒక ఆదివారం అందరం టాటానగర్ ప్యాసింజరెక్కాం. దోనె, ఎరిగిన గార్డు బాబు దయవల్ల, బండి చివరి బ్రేకు వ్యానులో వచ్చింది. స్టేషను నుంచి లారీ. దల్మా కొండలు మూడు వైపులా, వాటి కింద ఆ నీళ్లు. అంత నీలాన్ని నేను అంతకు ముందు చూడలేదు. ఒడ్డున ఇసుక మేట, పిక్నిక్కు వచ్చిన బెంగాలీ కుటుంబాలు, ఒక టీ కొట్టు. టీ కొట్టాయన మా దోనె చుట్టూ తిరిగి, "ఎ తో డుబే జాబే, దాదా!" అన్నాడు. మునిగిపోతుందట. మా మావ దాని పొట్ట మీద వేలి కణుపుతో కొట్టి వినిపించారు.

మా అత్త ఎక్కనంది. మా ఆయనకు మోకాలి లోతు నీళ్లన్నా భయం. మావ అత్త వైపు తిరిగి, "కోడల్ని ఎక్కమను" అన్నారు.

ఎక్కాను. ఎటు తిరిగి కూర్చోవాలి? ముందుకు తిరిగితే వెనకున్న మావకు వీపు పెట్టినట్టు. అందుకని ముందు పలక మీద వెనక్కి తిరిగి, తల వంచుకుని, ఆయనకు ఎదురుగా ముడుచుకున్నాను. ఆయన దోనెను నీళ్లలోకి తోసి, ఎక్కి కూర్చుని, మొదటిసారి, నా పెళ్లయ్యాక మొట్టమొదటిసారి, నాతోనే అన్నారు:

"అమ్మా, ఆ తెడ్డు ఇలాగియ్యి."

మావ పలకరిస్తే కోడలు ఏం చేస్తుంది? ఠక్కున లేచి నిలబడ్డాను.

దోనె అటు, మేమిద్దరం ఇటు. నడుం లోతు నీళ్లే గానీ నిలువునా మునిగి లేచాను. నెత్తి మీద నాచు. ఒడ్డున అందరూ గొల్లున నవ్వారు. "ఓలమ్మో! నా కోడల్ని సంపేసినాడు!" అని మా అత్త ఇసుకలో పరుగు. మావ లేచి, మొహం తుడుచుకుని, దోనెను సరిచేసి, ఎక్కమన్నట్టు చెయ్యి చూపించారు. నేను ఒడ్డుకేసి చూస్తుంటే, "నిండా మునిగినోడికి సలేటి? ఎక్కు" అన్నారు. ఎక్కాక చెప్పారు:

"ఇదిగో, దోనెలో మావా నేడు, కోడలూ నేదు. అటు తిరిగి కూకో. ఈపు నాకెట్టు, తప్పు నేదు. ముందరోల్లు ఎనక్కి సూడకూడదు. ఎనకోల్లు మాటాడకూడదు. అంతే."

అటు తిరిగాను. ఎదురుగా నీళ్లు, వాటి అవతల కొండ. మనిషన్నవాడు లేడు. వెనక తెడ్డు చప్పుడు ఒకటే. ఒడ్డు దూరమయ్యేకొద్దీ కడుపులో రాయి కదిలింది. నడిమధ్యకు వచ్చేసరికి నేను నా బిడ్డను పేరు పెట్టి పిలిచాను. గట్టిగా పిలిచాను. కొండ దాకా వినబడేలా ఏడ్చాను. ఎంతసేపో తెలియదు. మావ ఊరుకోమనలేదు. తెడ్డు ఆపలేదు.

ఒడ్డుకు వచ్చి దిగాక మా అత్తతో అన్నారు: "కోడలికి ఆకలేస్తందేమో సూడు." వేసింది. అయిదు పూరీలు తిన్నాను. మా అత్త నా ప్లేటు వంకే చూస్తూ కళ్లొత్తుకుంది.

దోనెను టీ కొట్టాయన గుడిసె వెనక బోర్లించి వచ్చాం. ఆ తర్వాత ప్రతి చలికాలం ఒక ఆదివారం వెళ్లేవాళ్లం. నాకు ఆడపిల్ల పుట్టింది, అయినా వెళ్లాం. ముందు పలక నాదే. తెడ్డు వేయడం నేర్చుకున్నాను. "నీటిని కొట్టకు, దారి అడుగు" అనేవారు. నేర్పేటప్పుడు ఆయన పెట్టిన నియమం ఆయనే తప్పేవారు, అది వేరే సంగతి. ఏడుపు వచ్చిన ఏడు ఏడ్చాను, రాని ఏడు ఊరికే కొండలు చూశాను. ఇంటికొస్తే మళ్లీ మామూలే. ఆయన తలుపుతో మాట్లాడేవారు, నేను లేచి నిలబడేదాన్ని. ఆ మర్యాద మా ఇద్దరికీ కోపం తెప్పించలేదు. ఏడాదికి ఆ ఒక్క రోజు చాలేది.

పోయిన చలికాలానికి ఆయనకు ఊపిరి అందడం లేదు. డాక్టరు కదలొద్దన్నాడు. "ఒక్కపాలి తీసికెల్తాదేమో కోడల్ని అడుగు" అని మా అత్తను పోరు పెట్టారు. మా ఆయన ఒప్పుకోలేదు. నేనే తెగబడి తీసుకెళ్లాను. ఒడ్డున అలవాటుగా వెనక పలక దగ్గరికి నడిచి, తెడ్డు ఎత్తబోయి, ఎత్తలేక కింద పెట్టేశారు. "ఈపాలి నాను ముందర కూకుంటాను" అన్నారు.

అలా నేను మొదటిసారి వెనక కూర్చున్నాను. మొదటిసారి ఆయన వీపు చూశాను. ఇంత చిన్న వీపా, అనుకున్నాను. చొక్కా కింద ఎముకలు లెక్కపెట్టొచ్చు. నీళ్ల మధ్యకు వచ్చాక ఆ భుజాలు అదరడం మొదలుపెట్టాయి. దగ్గేమో అనుకున్నాను. దగ్గుకు చప్పుడుంటుంది, దీనికి లేదు.

"మన గుంటడుంటే ఈపాటికి తెడ్డు పట్టేసేవోడు" అన్నారు, కొండ వైపు చూస్తూ.

నా బిడ్డ, నా బిడ్డ అని నేను ఏడ్చిన ప్రతిసారీ నా వెనక ఒక తాత కూర్చుని ఉన్నాడు. ఆయనకు మాత్రం ముందు పలక ఎవరిచ్చారు? మావా, అని పిలవబోయాను. వెనకోళ్లు మాట్లాడకూడదు. తెడ్డు వేస్తూ ఉన్నాను.

ఒడ్డు దగ్గరపడింది. మా అత్త టీ గ్లాసు పట్టుకుని నీళ్ల అంచున నిలబడి, "బేగి రండి, సల్లారిపోతంది" అని కేకేస్తోంది. ఆయన భుజాలు ఇంకా ఆగలేదు. నేను తెడ్డు రెండో పక్కకు మార్చి, దోనెను మళ్లీ లోపలికి తిప్పాను.