ఇంకో కొత్తపల్లె పద్మావతి

తిరుపతిలో పుస్తకాల ఎగ్జిబిషన్ పెట్టారంటే నేను వెళ్లకుండా ఉండలేను. కొనేది తక్కువే. పిల్లల పుస్తకాల అంగడి దగ్గర నిలబడి, ఒక కొత్త పుస్తకాన్ని మధ్యకు విప్పి, ఎవరూ చూడకుండా ముక్కు దగ్గర పెట్టుకుని, సిరా, జిగురు కలిసిన ఆ వాసన నిండా పీల్చుకుని మళ్లీ ఎక్కడిదక్కడ పెట్టేస్తాను. మొన్న అలాగే నిలబడి ఉంటే పక్కన ఒకాయన తన కూతురు అడిగిన పుస్తకమల్లా కొనిస్తున్నాడు, ఆ పిల్ల ఆయన వేలు పట్టుకుని ఊగుతోంది. నాకు కడుపు భగ్గున మండింది. నలభై దాటిన మనిషి పదేళ్ల పిల్లను చూసి కుళ్లుకోవడమేమిటని నవ్వుకుంటారేమో, నవ్వుకోండి. నా కుళ్లు నిన్నా మొన్నటిది కాదు, దానికి ఊరూ పేరూ ఉన్నాయి.

మాది కార్వేటినగరం దగ్గర కొత్తపల్లె. చిత్తూరు జిల్లాలో ఎటు వెళ్లినా ఒక కొత్తపల్లె తగులుతుంది. తిరుచానూరు అమ్మవారి పుణ్యమా అని, ఏ కొత్తపల్లెలో కేకేసినా ఇద్దరు ముగ్గురు పద్మావతులు పలుకుతారు. అందులో నేనొకదాన్ని. నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా, చెనిక్కాయలు పెరికే కాలంలో, మా పోస్టు ఖాదరన్న సైకిలు గంట కొట్టి ఒక కాగితపు చుట్ట నా చేతిలో పెట్టాడు. పైన అచ్చు అక్షరాల్లో నా పేరు, మా ఊరి పేరు, చిత్తూరు జిల్లా. లోపల మద్రాసు నుంచి వచ్చిన పిల్లల మాసపత్రిక. పచ్చి కాయల మట్టి వాసనలో కూర్చుని ఉన్న మా అమ్మ చేతులు చీరకు తుడుచుకుని, దాన్ని తిప్పి తిప్పి చూసి, "మా శీనుగాడే పంపిచ్చినాడు. వాడు గాక మద్రాసులో మనకు ఇంకెవురుండారు?" అంది.

శీను మామ మా అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు, మద్రాసులో ఏదో ప్రెస్సులో పని. మా వైపు మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి చెవులు కుట్టిస్తారు. నన్నూ అలాగే ఆయన ఒళ్లో కూర్చోబెట్టారు. నాకు గుర్తున్నదల్లా ఆయన చొక్కాకు అంటిన అచ్చు సిరా వాసనే. ఆయన తెచ్చిన కమ్మలు చూసి మా నాయన నలుగురిలో "ఇవేందప్పా, కంటికి కూడా ఆనలేదే" అన్నాడట. మామ సగం తిన్న విస్తరి ముందునుంచి లేచి బస్సెక్కాడు. అంతే, మళ్లీ జాబు లేదు, అడ్రసు లేదు. ఆ మాట ఎందుకన్నానా అని నాయన ఏనాడూ పైకి అనలేదు గానీ, పుస్తకం వచ్చిన రోజు మాత్రం దాన్ని నాకంటే ముందు ఆయనే చదివేవాడు.

ఆ తర్వాత నెలనెలా వచ్చింది. చెరకు ఆడే చలి రోజుల్లో గానుగ దగ్గర వేడి పాకం చెరకు పిప్పి మీద నాకుతూ చదివాను, బంక అంటుకుని పేజీలు విడివడక అవ్వ చేత తిట్లు తిన్నాను. మామిడికాయల రోజుల్లో ఉప్పూ కారం అద్దిన ముక్క బుగ్గన పెట్టుకుని అరుగు మీద బోర్లా పడుకుని చదివాను. గంగ జాతరకు ఊరంతా అంబలి కుండలు ఎత్తుకుని పలక డప్పుల మోత వెంట పోతుంటే నేను పదకేళి నింపుతూ ఇంట్లో కూర్చున్నాను. ఎదురింటి వసంత ఒక్క పుస్తకం ఇవ్వమని బతిమాలితే, "మా మామ పంపేది నాకు, నీకు గాదు" అని చుక్కలు కలిపే బొమ్మ మాత్రం దూరం నుంచి చూపించేదాన్ని. వసంత కళ్లల్లో కుళ్లు చూస్తుంటే నాకు ఎంత హాయిగా ఉండేదో! పాత పుస్తకాలన్నీ గోనెపురితో కుట్టి, ప్రతి దాని మీదా నా పేరు రాసుకున్నాను. అమ్మ వాటిని చీరల పెట్టెలో దాచేది.

ఇంతలో నంబరు వచ్చింది. నిజానికి దేశమంతటికీ ఉన్న ఆ ఆరంకెల పిన్‌కోడు మేము పుట్టకముందే వచ్చిందట, మా ఊళ్లో మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. ఇన్‌లాండు కవరు మీద ఆరు గడులు ఖాళీగా ఉంటే, ముగ్గు లేని వాకిలిలా ఉందని మా అవ్వ ఒక్కో గడిలో ఒక్కో పసుపు చుక్క పెట్టి పంపేది. ఆ ఏడు బడి గోడ మీద, పోస్టు డబ్బా మీద తెల్ల రంగుతో నంబరు రాయించారు. అయ్యవారు ఎక్కాలతో పాటు దాన్నీ అప్పజెప్పించుకున్నారు. "ఇంక నంబరు లేకుండా రాస్తే నా పూచీ లేదు సూడండి" అని ఖాదరన్న ఇంటింటికీ చెప్పాడు. మా పత్రికలో కూడా, చందాదారులందరూ పిన్‌కోడుతో సహా అడ్రసు రాసి పంపాలని వేశారు. నేను చందాదారునే కదా! కార్డు తీసుకుని, ముత్యాల్లాంటి అక్షరాలతో పేరు, ఊరు, ఆరంకెలు రాసి నా చేత్తోనే డబ్బాలో వేశాను.

మరుసటి నెల పుస్తకం రాలేదు. ఆ పై నెలా రాలేదు. ఖాదరన్న గంట వినబడితే చాలు, అమ్మ పిండి చేతులతోనే వాకిట్లోకి వచ్చేది, ఆయన తల అడ్డంగా ఊపి వెళ్లిపోయేవాడు.

ఒకనాటి మధ్యాహ్నం ఎవరో ఒకాయన, నా ఈడు పిల్లను వెంటబెట్టుకుని, కొత్తపల్లె పద్మావతి ఇల్లు ఏదని అడుగుతూ మా వాకిట్లోకి వచ్చాడు. ఆయన దగ్గర సెంటు వాసన, పిల్ల చేతికి రంగురంగుల గడియారం. వాళ్లది పీలేరు వైపు కొత్తపల్లె. కువైట్‌లో పని చేస్తూ, అక్కడినుంచే మనిషి చేత కూతురి పేరున చందా కట్టించాడట. పుస్తకం ఎప్పుడూ రాలేదట. సెలవు మీద వచ్చి నంబరుతో సహా ఆఫీసుకు రాస్తే, అదే పేరుతో ఇంకో నంబరు నుంచి కూడా కార్డు వచ్చిందని, అందుకే పుస్తకం ఆపామని మా అడ్రసు చెప్పారట. ఆ పిల్ల పేరు కూడా పద్మావతే.

"తప్పు మీది గాదులేమ్మా, నంబరు లేకపోతే ఎవురికి తెలుస్తాది" అన్నాడాయన మా అమ్మతో. "సదివేసిన పుస్తకాలు ఈ పాపకాడే ఉండనీ. మా పాపకు ఇంక కొత్తవి వస్తాయి గదా."

"ఊహూ! అన్నీ నావే, నాకు గావాల" అంది ఆ పిల్ల, తండ్రి చేతికి వేలాడుతూ.

నాయన నా వంక చూడకుండా, "తెచ్చియ్యి పాపా" అన్నాడు. చీరల పెట్టెలోంచి కట్ట తెచ్చి ఇచ్చాను. ఆ పిల్ల అక్కడే విప్పి చూసి, "సూడు నాయనా, అన్నీ నింపేసింది!" అని ఏడుపు లంకించుకుంది. నాకు ఆ ఒక్క క్షణం మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఆయన దాన్ని ఎత్తుకుని, కళ్లు తుడిచి, కొత్తవి కొనిస్తానని బుజ్జగిస్తూ బస్సు దాకా నడిచాడు. పుస్తకాల మీది పేరు మాత్రం వాళ్లు చెరపాల్సిన పని లేకపోయింది.

అమ్మ వాళ్లిద్దరికీ మజ్జిగ ఇచ్చిన గ్లాసులు కడిగి బోర్లించింది. సాయంత్రం అవ్వే ఉండబట్టలేక, "అయితే నీ తమ్ముడు ఏమీ పంపలేదన్నమాట" అంది. అమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ, "ఇంతకుముందు పంపలేదు, నిజమే. ఇప్పుడు పంపాలనుకున్నా నంబరుండాల గదా. మన నంబరు వానికి యాడ తెలుసు, పాపం" అంది. ఆమె బతికినన్నాళ్లూ అదే చెప్పింది, వసంత వాళ్లమ్మకు కూడా.

ఇప్పుడు మా ఊళ్లో ఆ ఎర్ర డబ్బా లేదు, బడి గోడ మీద నంబరును ఎన్నికల రాతలు కప్పేశాయి, ఇన్‌లాండు కవరంటే మా పిల్లలకు తెలియదు. వసంత ఎక్కడుందో, మామ ఉన్నాడో లేడో. ఆ పీలేరు పద్మావతి మీద కుళ్లు మాత్రం నాలో చెక్కుచెదరలేదు, అది పుస్తకాల గురించి కాదు. రావాలనుకున్నవాళ్లు కార్వేటినగరంలో బస్సు దిగి కొత్తపల్లె ఎటని అడిగితే ఎవరైనా చూపిస్తారు. నంబరు అక్కర్లేదు. ఆ పిల్ల తండ్రి అట్లా అడుగుతూనే వచ్చాడు.