ఆరో కారణం

మా చర్చి సంఘం గాయక బృందం పాటల్ని రికార్డు చేసిన రోజుల్లో నా నోటుపుస్తకంలో ఒక పేజీకి ‘గొంతులు ఎందుకు మసకగా ఉన్నాయి?’ అని పేరు పెట్టాను. కింద కారణాలు రాశాను. ఒకటి, మైకు చవకది. రెండు, మైకు జాలీలో ఎర్రదుమ్ము. మూడు, చర్చి రేకుల కప్పు. నాలుగు, పాత వైరు. ఐదు, నా స్పీకర్లు చిన్నవి. ఆరు అని అంకె వేసి, దానికి ఎదురుగా ఏమీ రాయకుండా వదిలేశాను.

ఇనుప ఖనిజానికి గిరాకీ ఊపందుకున్న కాలం. యశ్వంతనగర్ దగ్గర ఒక చిన్న క్రషర్‌లో నేను మెయింటెనెన్సు చూసేవాణ్ణి. చదివింది ఎలక్ట్రానిక్స్ డిప్లొమా. కానీ అక్కడ నాకు పేరు తెచ్చింది చదువు కాదు, చెవి. రాళ్లు నలిగే రొదలో నిలబడి, ఏ మోటారులో బేరింగు పోబోతోందో చెప్పేవాణ్ణి. వరసగా మూడుసార్లు నేను చెప్పింది నిజమయ్యేసరికి అందరూ నన్ను ‘చెవప్పా’ అని పిలవసాగారు. చెవుల్లో పెట్టుకోమని ఇచ్చిన పసుపు స్పాంజి బిరడాలు ఐదేళ్లుగా టూల్ బాక్సు అడుగునే పడి ఉన్నాయి. అవి పెట్టుకుంటే యంత్రం మాట వినబడదని నా వాదన.

ఆ పని వదిలి పాటల పనిలోకి వెళ్లాలని నా కోరిక. బళ్ళారిలో స్టూడియో నడిపే ఒకాయన, నువ్వే మిక్సింగ్, మాస్టరింగ్ చేసిన సీడీ ఒకటి తీసుకురా, నచ్చితే పనిలో పెట్టుకుంటానన్నాడు. అందుకే తారానగర్‌లో మా సంఘం పాటలు ఎత్తుకున్నాను.

విడివిడిగా తీసిన గొంతుల్నీ, హార్మోనియాన్నీ, తబలానీ ఒకటి ఇంకొకదాన్ని మింగకుండా సర్దడం మిక్సింగ్. అలా సర్దిన పాటలన్నీ ఒకే వాల్యూమ్‌లో ఉండేలా, ఇంట్లో పెట్టినా జీపులో పెట్టినా చెడకుండా చివరి మెరుగు పెట్టడం మాస్టరింగ్. ఇదంతా పుస్తకం చదివి నేర్చుకున్నాను. వినేవాడి చెవి సరిగానే ఉందని ఆ పుస్తకం ముందే అనుకుంది. నేనూ అనుకున్నాను.

రోడ్డు మీద లారీల మోత రికార్డులో పడింది కానీ, కింది స్థాయి శబ్దాన్ని కోసేస్తే అది పోయింది. పోనిది మసక. గొంతుల మీద దుప్పటి కప్పినట్టుండేది. పళ్లబ్రష్‌తో మైకు జాలీ తోమి, వైరు మార్చి, రేకుల కింద గోనెలు కట్టి, మళ్లీ పాడించాను. ఇంకో మైకు, పెద్ద స్పీకర్లు అరువు తెచ్చి చూశాను. ఒక్కో కారణాన్నీ కొట్టేస్తూ వచ్చాను. షిఫ్టు దిగి వచ్చిన ప్రతి మధ్యాహ్నం ట్రెబుల్, అంటే శబ్దంలో పైస్థాయి, కాస్త పెంచేవాణ్ణి. మర్నాటికి అదీ చాలేది కాదు. ఐదో కారణం కూడా కొట్టేసిన రోజు పేజీ మూసేశాను. ఆరో అంకె ఎదుటి ఖాళీని మళ్లీ చూడలేదు.

వేరేవాళ్లకు వినిపించాలన్నది పుస్తకంలోని సలహా. క్రషర్ జీపులో పెట్టాను. డ్రైవర్ కన్నడంలో సూపర్ ఐతి అన్నాడు. వెల్డరు, ఆపరేటరు తలలూపారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆ ముగ్గురూ నాతో పాటే ఆ రొదలో నిలబడేవాళ్లని అప్పుడు తోచలేదు.

శనివారం సాయంత్రం ప్రాక్టీసుకు సీడీ తీసుకెళ్లాను. మొదటి చరణం కాకముందే ముందు వరసలోని పిల్లలు చెవులు మూసుకున్నారు. బృందాన్ని నడిపేది రిటైరైన టీచరమ్మ. ఆమె చేత్తో ఆపమని సైగ చేసింది.

“ఏందప్పా ఇది? స్తుతి, స్తోత్రం అన్నప్పుడల్లా బుస్సుమంటాండాది. పాముల బుట్టలో కూచోని పాడినట్టుండాది మా పాట.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాకు బుస వినబడలేదు.

మరుసటి రోజు ఆరాధన అయ్యాక, అదే బృందంలో పాడే మా చెల్లెల్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. సన్నటి ఈల ఒకటి కింది నుంచి పైకి పోయేలా పెట్టాను. వినబడినంతసేపూ చెయ్యి ఎత్తి ఉంచమన్నాను. నేనూ ఎత్తాను. తెర మీద ఈల స్థాయిని చూపే అంకెలు పెరుగుతున్నాయి. నాలుగు వేలు దాటాక నాకు ఈల సన్నబడింది. ఆరు వేల దగ్గర పోయింది. ఆగిపోయిందేమోనని వైరు చూశాను. చెల్లెలి చెయ్యి ఇంకా పైనే ఉంది.

“వస్తాండాది కదన్నా. నీకు రాలేదా?”

మళ్లీ పెట్టాను. నాలుగుసార్లు పెట్టాను. అంతసేపూ ఆమె చెయ్యి దించలేదు. నా చెయ్యి ప్రతిసారీ ఒకే చోట దిగింది.

ఆ వారం పైస్థాయి మీట ఆమె చేతిలో పెట్టాను. తగ్గిస్తూ పోయింది. నా చెవికి గొంతుల మీద మళ్లీ దుప్పటి పడుతూ వచ్చింది. “సాలు, ఈడికి సరిపాయ” అని ఆమె ఆపిన చోట గుర్తు పెట్టుకున్నాను. నాకు జీవం లేనట్టు వినబడిన ఆ పాటకే టీచరమ్మ కళ్లు తుడుచుకుంది.

సీడీ తీసుకుని బళ్ళారి వెళ్లాను. దారి పొడుగునా, నిజం చెప్పాలా వద్దా అన్నదొక్కటే లెక్క. స్టూడియో ఆయన కళ్లు మూసుకుని రెండు పాటలు విన్నాడు.

“పైస్థాయి శానా శుభ్రంగా ఉండాదప్పా. ఎట్ల చేసినావు?”

నేనే చేశానని చెప్తే ఆ పని నాకు దొరికేదే. కానీ రేపు ఎవరి పాటో నా చేతిలో బుసకొడుతుంది, అది నాకు తెలియను కూడా తెలియదు.

“పైది మా చెల్లెలు చేసిందన్నా. నాకు ఆడ వినబడదు.”

ఆయన నా చొక్కా జేబు మీది ఎర్రదుమ్మును కాసేపు చూసి, సీడీని కవరులో పెట్టి తిరిగి ఇచ్చాడు. చెడ్డగా ఏమీ అనలేదు. టీ తెప్పించాడు.

సోమవారం టూల్ బాక్సు అడుగు నుంచి పసుపు బిరడాలు తీసి చెవుల్లో పెట్టుకున్నాను. చెవప్పకు చెవులు మూతపడినాయి, ఇంక మోటార్లకు దిక్కెవరని వెల్డరు ఎగతాళి చేస్తున్నట్టు అతని పెదాలను బట్టి తెలిసింది. మోటారు కవచం మీద అరచెయ్యి ఆనించాను. మోటారు వణుకు సమంగానే ఉంది. అయినా చాలాసేపు చెయ్యి తియ్యలేదు.